పదకొండు ఇళ్లూ, నా మొసలీ

ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడి, నల్గొండ నుంచి వచ్చే బస్సులూ విజయవాడ నుంచి వచ్చే బస్సులూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా నా కుడి మోకాలి నొప్పి ఎడమ మోకాలికి పాకుగాక.

ఇరవై ఆరేళ్లు ఒక విశ్వవిద్యాలయంలో, పర్యావరణ, సాంకేతిక చరిత్ర విభాగంలో పనిచేశాను. యాభై నాలుగో ఏట కుడి మోకాలు మొరాయిస్తే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నా పోస్టు పేరు క్షేత్ర సహాయకుడు. ఆచార్యులు ఆలోచిస్తారు, నేను నడుస్తాను. అదీ తేడా. మా విభాగం ఏం చేస్తుందని బంధువులు అడిగితే, ఫలానా చెరువు ఎక్కడికి పోయింది, దాని చోటికి ఏ యంత్రం వచ్చింది, ఆ రెండింటి మధ్య మనుషులు ఏమయ్యారు అని వెతుకుతుంది అనేవాణ్ణి. వాళ్లు తలూపి, దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగేవారు.

ఈ మధ్య విభాగంలో ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. పని ఎలా ఉంటుందో నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నిబంధనలు ఫైళ్లలో ఉన్నాయి, చదువుకోండి. ఫైళ్లలో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

మూడో అంతస్తు

విశ్వవిద్యాలయం ఊరికి ఆ చివర. మా పనేమో ఈ చివర. అందుకని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో, ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆ గదిలో ఇద్దరు ఒకేసారి కుర్చీలు వెనక్కి జరిపితే ఒకరు మెట్ల మీద ఉండేవారు. రోజూ ఎవరో ఒకరు తలుపు తోసి, సార్, గ్రూప్స్ బ్యాచ్ ఇదేనా అని అడిగేవారు. ఇదే, కూర్చోండి అనేవాణ్ణి. ఒకాయన అలాగే కూర్చుని, మోటబావి కప్పీ గురించి నేను చెప్పిందంతా రెండు రోజులు రాసుకున్నాడు. మూడో రోజు ఫీజు ఎక్కడ కట్టాలని అడిగితే అప్పుడు చెప్పాను. ఆయన కోప్పడలేదు, మిగతాది కూడా చెప్పమన్నాడు.

నడకతో పాటు ఇంకో పని నా నెత్తిన పడింది. మూడు నెలలకోసారి నాలుగు పేజీల 'విభాగం వార్తలు' తీసుకురావడం. ఎవరు ఏ సదస్సుకు వెళ్లారు, ఎవరు ఏ వ్యాసం చదివారు, ఇలాంటివి. దాన్ని చివరిదాకా చదివేవాళ్లు ఇద్దరే. ఒకడు అచ్చుతప్పులు చూసేవాడు, రెండోవాణ్ణి నేను. ఇది గుర్తుంచుకోండి. ఎవరూ చదవరన్న ధీమాతోనే నా కొంప మునిగింది. నా ఒక్కడిదే అయితే బాగుండేది.

హమాలీ భుజం

ముందు నాకు అబ్బిన పని గురించి చెప్పి, తర్వాత చెడిన పని చెబుతాను.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోకముందు, చెక్కపెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు రావడం గురించి రాసుకురమ్మన్నారు. నేను పెద్ద ప్రశ్నల పట్టిక పట్టుకుని పోయాను. ప్లాస్టిక్ ట్రేల రాకవల్ల మీ జీవన విధానంలో వచ్చిన మార్పులేమిటి అని ఒక హమాలీని అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, నెత్తిమీది తుండు తీసి, చొక్కా పక్కకు లాగి భుజం చూపించాడు. చెక్కపెట్టె మేకులు గీరిన పాత మచ్చలు ఒక వరస. వాటి పక్కన ట్రే అంచు ఒరిపిడికి నల్లబడిన చర్మం ఇంకో వరస. గిది పాతది, గిది కొత్తది, రాసుకో అన్నాడు.

పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాను. మనుషులను అభిప్రాయాలు అడగకండి. చేతులు, భుజాలు, పనిముట్లు చూపించమనండి. ఈ ఉద్యోగంలో నేను సొంతంగా కనుక్కున్నది ఇదొక్కటే. దాన్ని కూడా ఒకసారి మరిచిపోయాను.

మొసలి

ఒక సంచికలో మూడో పేజీ సగం ఖాళీగా మిగిలింది. సదస్సు వాయిదా పడింది, వార్త లేదు, ప్రెస్సువాడు ఫోను మీద ఫోను. నేను కుర్చీలో కూర్చుని ఒక కథ అల్లాను. వెనకటికి ఈ దిక్కున ఒక చెరువు ఉండేదని, పెద్ద వాన కురిసిన ఏడాది అది అలుగు పారిందని, అలుగు కాలువ వెంట ఒక మొసలి ఈదుకుంటూ వచ్చి ఇప్పటి కమాను గల్లీలో తేలిందని, అక్కడ ఆరేసిన పంచెను నమిలిందని రాశాను. ఒక పెద్దమనిషి చెప్పినట్టు రాశాను. ఆ పెద్దమనిషి కూడా నేనే.

చెరువు నిజం. అలుగు కాలువ ఉండే ఉంటుంది, అదీ నిజమే. మొసలి నాది. కాలువను కమాను గల్లీలో పారించింది కూడా నేనే. ఆ గల్లీయే ఎందుకంటే, ఆ పూట టీ అక్కడ తాగాను, పేరు నోట్లో ఆడుతోంది.

ప్రెస్సువాడు మెచ్చుకున్నాడు. నేను నాలుగు రోజులు గర్వంగా తిరిగాను. తర్వాత మరిచిపోయాను.

ఎర్ర గీతలు

కొన్నేళ్లకు కమాను గల్లీ ఉన్న కాలనీలో వానలకు నడుంలోతు నీళ్లు నిలవడం మొదలైంది. చెరువు అలుగు నీళ్లు పోయే పాత నాలా ఎక్కడో పూడుకుపోయింది, అదే దారిలో కొత్తది తవ్వాలని నాలాలు చూసే ఆఫీసువాళ్లు తీర్మానించారు. పాత దారి తెలియాలంటే పాత పటం కావాలి. పటంలో సరిగ్గా ఆ చోటి మడత దగ్గర చెదలు తినేశాయి. ఆఫీసు కోసం నివేదిక రాసే సంస్థ వాళ్లు ఎక్కడెక్కడో వెతికి, ఒక విశ్వవిద్యాలయ ప్రచురణ సంపాదించారు. నా మూడో పేజీ. మర్యాదస్తులు కాబట్టి మొసలిని వదిలేసి కాలువను మాత్రం తీసుకున్నారు. కమాను గల్లీలో పదకొండు ఇళ్లు నాలా మీద కట్టినవని తేల్చి, గోడల మీద ఎర్ర రంగుతో గీతలు కొట్టి పోయారు.

ఇదంతా నాకు సత్తయ్య చెబితే తెలిసింది. సత్తయ్య రిటైరైన బస్సు డ్రైవరు, నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. గల్లీలో నాలుగో ఇల్లు ఆయనది. ఒకరోజు మధ్యాహ్నం మూడంతస్తులు ఎక్కి వచ్చి, నా బల్ల మీద ఒక నోటీసు, దానికి జతచేసిన నా మూడో పేజీ జిరాక్సు పెట్టాడు.

"మూర్తి సారంటే మీరేనా?"

నేనే అన్నాను.

"మీ మొసలి మా ఇండ్లు మింగవట్టింది సారు."

నవ్వాలనుకున్నాను. ఆయన ముఖం చూశాక కాగితం చదివాను. అయ్యా, అది నేను కల్పించి రాసింది అన్నాను.

"మొసలి కల్పితమని సమజైంది. నాలా గూడనా?"

"నాలా కూడా."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరుస్తాడేమో అనుకున్నాను. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"మరి నాకెందుకు జెప్తుండ్రు సారు? గీ మాట గీతలు కొట్టినోళ్లకు జెప్పుర్రి."

మేడమ్ చెప్పింది

మా విభాగాధిపతి వసుంధర మేడమ్‌ది గుంటూరు వైపు. ఇరవై ఆరేళ్లలో నేను నలుగురు అధిపతుల కింద పనిచేశాను. ఒకాయన తప్పు జరిగితే కమిటీ వేసేవాడు. ఒకాయన తప్పే జరగలేదనేవాడు. ఇంకొకాయన తప్పు నా చేత ఒప్పించి, ఒప్పు తన పేరున వేసుకునేవాడు. ఈవిడ లాంటి మనిషి కింద ఒక్క ఏడాది పనిచేసినా మీ ఉద్యోగం గిట్టుబాటైనట్టే.

నేను చెప్పిందంతా విన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తర్వాతి సంచిక మొదటి పేజీలో వేయండి మూర్తిగారూ. మీ పేరుతో. నాలుగు వాక్యాలు చాలు. మొసలిని వర్ణించక్కర్లేదు."

సరే అన్నాను. లేవబోతుంటే మళ్లీ పిలిచారు.

"కాలువ ఎక్కడ లేదో ఈ ఊళ్లో మీ ఒక్కరికే గ్యారంటీగా తెలుసు. ఎక్కడుందో కూడా మీరే వెతకండి."

'మొసలి లేదు. కమాను గల్లీలో కాలువ ఉన్నట్టు ఆధారం లేదు. రెండూ నేను కల్పించి రాశాను. క్షమించండి.' ఇది అచ్చయింది. ఇరవై ఆరేళ్లలో జనం ఎగబడి చదివిన సంచిక అదొక్కటే.

దాన్ని పట్టుకుని మేడమూ నేనూ నాలాల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి పెద్ద ఇంజనీరు చదివి పక్కన పెట్టాడు. చెడ్డవాడు కాదు. ముందు రాసింది అబద్ధమంటున్నారు, ఇప్పుడు రాసింది నిజమని నేనెలా నమ్మాలి అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. నీళ్లు ఎటుకెళ్లి పోతుండెనో జూపియ్యుర్రి, నెల ఆగుత అన్నాడు.

అందరి వేళ్లూ

పాతవాళ్లను అడుగుతూ ఆ కాలనీ అంతా తిరిగాను. ప్రతి ఒక్కరికీ కాలువ బాగా గుర్తుంది. ప్రతి ఒక్కరి వేలూ తమ ఇంటికి దూరంగా, తమకు పడని వాళ్ల ఇంటి వైపు చూపించింది. వారం తిరిగేసరికి నా పటం మీద కాలువ తొమ్మిది చోట్ల పారుతోంది. వాళ్లను తప్పుపట్టను. గోడ మీద ఎర్ర గీత పడుతుందంటే నా జ్ఞాపకం కూడా పక్కింటికే పోతుంది.

ఎనిమిదో రోజు ఒక అపార్ట్‌మెంటు ముందు బోరు బండి దద్దరిల్లుతోంది. చుట్టుపక్కల వాళ్లు చెవులు మూసుకుని చూస్తున్నారు. ఒకావిడ మాత్రం చీర కొంగు నడుముకు బిగించి, బోరులోంచి చిమ్ముతున్న బురద కింద రేకు చేట పట్టుకుని నిలబడింది. కొంచెం మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది. చంకలోంచి నోటుబుక్కు తీసి ఇంటి నెంబరు రాసి, ఎన్ని అడుగుల మట్టో రాసి, ఆ మట్టినే వేలికి అద్దుకుని పేజీ చివర ఒక గీత గీసింది.

హమాలీ భుజం గుర్తొచ్చింది. మోకాలి సంగతి మరిచి పరిగెత్తాను.

బియ్యం డబ్బాలో మట్టి

ఆమె పేరు లక్ష్మమ్మ. ఆమె భర్త బోరు బండి మీద పనిచేసేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, బోర్ల మోటార్ల దుకాణం ఆమే నడుపుతోంది. ఆ కాలనీలో ఎవరు బోరు వేయించుకోవాలన్నా ముందు ఆమెను అడుగుతారు. బండ తగిలేదాకా మెత్తటి మట్టి ఎన్ని అడుగులుంటే అంత లోతు కేసింగ్ పైపు దింపాలి. లేకపోతే మట్టి కూలి బోరు పూడుతుంది. పక్కింటి బోరులో ఎంత మట్టి వచ్చిందో తెలిస్తే ఈ ఇంటికి ఎన్ని పైపులు తేవాలో తెలుస్తుంది. అందుకని భర్త చెబుతుంటే ఆమె రాయడం మొదలుపెట్టింది. రంగు పేరు రాయడం కన్నా మట్టి పూయడమే తేలికని ఆమెకే తోచింది. అలా పదిహేడు నోటుబుక్కులు నిండాయి. చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో దాచింది.

బుక్కులు రెండు రోజులు ఇవ్వమని అడిగాను.

"బుక్కులియ్య. బుక్కుల్తోటి నేనొస్తా."

అన్నట్టుగానే దుకాణం మధ్యాహ్నం మూసి, డబ్బాతో సహా మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కాలనీ పటం గోడకు అంటించి ఉంది. గుర్తులు పెట్టడానికి పిన్నుల కోసం నేను సొరుగులన్నీ వెతుకుతుంటే, ఆమె తన సంచీలోంచి బొట్టుబిళ్లల అట్టలు తీసింది. కింద ఫుట్‌పాత్ మీద కొన్నవి. ఎర్రమట్టి వచ్చి తొందరగా బండ తగిలిన ఇంటికి ఎర్ర బొట్టు. నీళ్లు పారిన చోట పేరుకునే నల్లటి ఒండ్రు చాలా లోతుదాకా వచ్చిన ఇంటికి నల్ల బొట్టు. ఆమె చదవడం, నేను అంటించడం. మా మధ్యలో మేడమ్ టీ కలపడం. ఒక ప్రొఫెసర్ చేతి టీ తాగుతూ పరిశోధన చేసిన క్షేత్ర సహాయకుడు దేశంలో ఇంకెవడైనా ఉంటే చెప్పండి.

మూడు వారాలు అంటించాం. కమాను గల్లీ నిండా ఎర్ర బొట్లే పడ్డాయి. పదిహేను అడుగులకే బండ. ఆ గల్లీలో నీళ్లు పారాలంటే బండెక్కి పారాలి. నల్ల బొట్లు మొదట చెల్లాచెదురుగా పడ్డాయి. ఒక సాయంత్రం లక్ష్మమ్మ లేచి వెనక్కి నడిచి, తలుపుకు ఆనుకుని నిలబడింది.

"సారు, గిట్ల వచ్చి జూడుర్రి."

వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నల్ల బొట్లు రెండు వరసల్లో, మధ్యన పాపిట తీసినట్టు, చెరువు దిక్కునుంచి వచ్చాయి. గల్లీ వెనకగా ఒక్క వంపు తిరిగి, పెద్ద రోడ్డు వెంబడి సాగి, కాలనీ పార్కు దగ్గరికి చేరాయి. దారి మధ్యలో ఒక్క ఇల్లూ లేదు. ఇటూ అటూ ఇళ్లే తప్ప నడి మధ్యన అంతా రోడ్డూ పార్కూ. మేడమ్ టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కింద కోచింగ్ సెంటర్లో ఎవరో మైకులో జనరల్ నాలెడ్జి చెబుతున్నారు.

పార్కులో గొయ్యి

నెల గడువు చివరి రోజున ఇంజనీరు, ఆయన మనుషులు, ఒక తవ్వకం యంత్రం పార్కుకు వచ్చారు. గల్లీవాళ్లందరూ వచ్చారు. సత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, కోర్టుకు వచ్చినట్టు. లక్ష్మమ్మ డబ్బా పక్కన పెట్టుకుని సిమెంటు బెంచీ మీద కూర్చుంది.

ఇంజనీరు ఆమెను ఎంతవరకు చదువుకున్నావమ్మా అని అడిగాడు.

"ఏడు. భూమినైతే రెండొందల అడుగుల దాంక చదివిన."

ఆయన నవ్వలేదు. తవ్వమన్నాడు. మూడడుగులు నింపుడు మట్టి, ఇటుక ముక్కలు. ఆరడుగులకు నలుపు మొదలైంది. పన్నెండు అడుగుల దగ్గర బకెట్టు పైకి లేస్తే, తారులాంటి ఒండ్రు, దాని నిండా తెల్లటి నత్తగుల్లలు. లక్ష్మమ్మ పిడికెడు తీసుకుని ఒక పాత నోటుబుక్కు తెరిచి, పార్కు పక్కింటి పేజీలో ఉన్న గీత పక్కన కొత్త గీత గీసింది. రెండూ ఒకటే నలుపు.

సరిగ్గా అప్పుడు ఉరిమింది. నాగోలు వైపు నుంచి నల్లగా వచ్చి, కుండలతో కుమ్మరించినట్టు వాన పడింది. ఎవరూ కదల్లేదు. రోడ్డు మీది నీళ్లు గల్లీ మొదట్లో ఒక్క క్షణం ఆగి, లోపలికి తొంగి చూసి, వద్దనుకుని, వంపు తిరిగి, నల్ల బొట్ల దారి వెంబడే సాగి వచ్చి, అందరి కళ్ల ముందు ఆ గోతిలోకి దూకాయి. ఇంజనీరు తడుస్తూ చప్పట్లు కొట్టాడు. పదకొండు ఇళ్లవాళ్లూ కొట్టారు. యంత్రం డ్రైవరు హారన్ కొట్టాడు.

నాలా రోడ్డు కింద నుంచీ పార్కు కింద నుంచీ తవ్వారు. ఒక్క గోడ కూలలేదు. తర్వాతి వానాకాలం కాలనీలో చెప్పులు తడిశాయి, అంతే. సత్తయ్య తన గోడ మీది ఎర్ర గీతకు తానే సున్నం వేసి, అక్కడ ఒక మొసలి బొమ్మ గీయించాడు, నోరు తెరుచుకుని. ఎందుకయ్యా అంటే, దిష్టికి సారు, మల్లెవ్వడన్న రంగు డబ్బ వట్టుకొని ఒస్తే గిది జూస్తడు అన్నాడు.

ఇప్పుడు విభాగం జాబితాలో 'లక్ష్మమ్మ మట్టి పుస్తకాలు, పదిహేడు' అని ఒక పద్దు ఉంది. మన దగ్గరున్నవి ఫొటోలే. అసలువి బియ్యం డబ్బాలోనే ఉన్నాయి. కొత్తగా చేరిన మీ ఇద్దరి మొదటి పాఠం కూడా ఆ దుకాణంలోనే. ఆమె అడిగితే బయటికి తీసిన పైపు పట్టుకోండి, బట్టలకు బురదవుతుందని చూడకండి.

ఒప్పుకోలు

ఇది రాసి, అచ్చుకు పంపేముందు దుకాణానికి తీసుకెళ్లి లక్ష్మమ్మకు చదివి వినిపించాను. చేతిలో మోటారు విప్పుకుంటూనే విన్నది. బొట్టుబిళ్లల దగ్గర నవ్వింది. రెండొందల అడుగుల మాట దగ్గర, గట్ల అన్ననా అని అడిగి, అన్నావని చెబితే సంతోషపడింది. పార్కు దగ్గరికి వచ్చేసరికి స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ రోజు వాన పడలేదు. మబ్బు తునక కూడా లేదు. మాడు పగిలే ఎండ. నీళ్లు పారలేదు, ఆగలేదు, తొంగి చూడలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోతిలో నల్లమట్టి, గుల్లలు కనబడ్డాక ఇంజనీరు ఆ పదిహేడు నోటుబుక్కులూ అడిగాడు. లక్ష్మమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్కటే అందించింది. ఆయన ఎండలో నిలబడి, పేజీ పేజీ తిప్పుతూ, వేలితో మట్టి గీతలు తడుముతూ చదివాడు. సగం బుక్కులు అయ్యాక ఒక కుర్చీ అడిగాడు. చివరి బుక్కు మూసి ఆమె చేతికిచ్చి, ఎర్ర గీతలు తుడిపేయమని తన మనుషులకు చెప్పాడు. అంతే జరిగింది. మిగతాదంతా నిజం, మొసలి బొమ్మతో సహా. వెళ్లి చూసుకోవచ్చు.

ఎడమ మోకాలు నిన్నటి నుంచి సలుపుతోంది.

వాన ముక్క తీసేస్తానని లక్ష్మమ్మకు చెప్పాను. తీసేయడానికి చేతులు రాక ఉంచేశాను, అందుకే ఈ ఒప్పుకోలు. ఆమె ఆ రోజు మోటారు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ అడిగిన ప్రశ్నను మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"వాన ఎందుకు వెట్టినవ్ సారు? నా బుక్కు సాలకనా?"